గోడవైపు తిరిగిన రాయి

ఆ సమాధుల తోటలో తప్పు అక్షరం ఒక్కటి కూడా లేదు. నాలుగు వందల పైచిలుకు రాళ్ళు, అన్నీ ఒక్క చేతి పని. నమ్మకపోతే భూతద్దం పట్టుకుని వరసవరసా వెతుక్కోండి. ఆ చేతిగల మనిషికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు రాళ్ళతాత. రాళ్ళతాత చెక్కిన సున్న నెత్తిన ఒక నీటిబొట్టు వేస్తే, అది రెండుగా చీలి, చెరో పక్కనా గాడిలో జారి, అడుగున సరిగ్గా ఒకే క్షణంలో కలుసుకునేదట. ఆ సున్నలు చూసి మురిసిపోయి, తమ చావు సున్న ఉన్న ఏడాదిలో వస్తే బాగుణ్ణని ప్రార్థన చేసుకున్న పెద్దవాళ్ళు కూడా ఉన్నారంటారు.

అంతటి తాత దుకాణానికి ఒక బుధవారం పొద్దున్నే సమాధుల తోట కాపరి వచ్చాడు. దుకాణమంటే మూడు పక్కలా గోడ, పైన రేకు, ముందు వీధి. వీధివైపు వెలుగులో తాత పీట. లోపలగా నీళ్ళ తొట్టి, ఆ తొట్టి పక్కన తాత కూతురు చిట్టి. పేరు చిట్టి గానీ నలభై ఒకటి నిండాయి. తడిగుడ్డా సానబిళ్ళా పట్టుకుని రాతి ముఖాన్ని గుండ్రంగా, గుండ్రంగా రుద్దుతూ ఉంది. పద్దెనిమిదో ఏట ఆ తొట్టి దగ్గర కూచుంది. ఆ చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది.

కాపరి వీధి అంచునే నిలబడి టోపీ తీశాడు.

"తాతా, కోప్పడనంటే ఒక మాట."

"వస్తే పడతా, రాకపోతే పడను. బేరం దేనికి? చెప్పు."

"తోటలో చోటు అయిపోయింది. పదేళ్ళు దాటినా రాయి లేని గుంటల్ని మళ్ళీ వాడుకోవాలని సంఘం పెద్దలు తీర్మానం చేశారు గదా. ఈ ఆదివారం ఆ జాబితా చదువుతారు."

"మంచిదేగా. ఒంటరిగా పడుకోలేనివాళ్ళకి తోడు దొరుకుతుంది."

కాపరి నవ్వలేదు. టోపీ అంచును వేళ్ళతో చుట్టూ తిప్పాడు. "పదో వరసలో మూడోది కూడా రాసుకున్నారు తాతా."

తాత సుత్తి గాలిలో ఆగింది. పదో వరసలో మూడోది తాత భార్యది.

"అది ఎవరిదో వాళ్ళకి తెలీదూ?"

"ఆ పుస్తకంలో పేర్లుండవు. వరస, అంకె, రాయి ఉందా లేదా, అంతే. శనివారం పొద్దుగూకేలోపల రాయి నిలబడితే నేను జాబితాలోంచి కొట్టేస్తా. నా చేతిలో ఉన్నది ఆ మాత్రమే."

కాపరి వెళ్ళాక తాత చాలాసేపు సుత్తి దించలేదు. చిట్టి చెయ్యి కూడా ఆగింది. ఇద్దరూ వెనక గోడవైపు చూశారు.

అక్కడ ఒక నల్లరాయి నిలబడి ఉంది. మనిషి నడుమెత్తు, జానెడు మందం. ఒక్క మచ్చ లేదు, ఒక్క నెర్రె లేదు. పదేళ్ళ కిందట భార్య పోయిన నెలలోనే తాత దాన్ని కొన్నాడు. "ఇది ఆమెది. దీని మీద నేను తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తీరిగ్గా చెక్కుతా," అన్నాడు. ఆ తీరిక రాలేదు. బతికున్నవాళ్ళు వచ్చి కూచుని, తమవాళ్ళ రాయి ఎప్పుడవుతుందని నస పెట్టేవాళ్ళు. భార్య నస పెట్టలేదు. "ఆమెకేం తొందర? ఎక్కడికీ పోదుగా," అని తాత నవ్వేవాడు. ఆ నవ్వు మొదటి రెండేళ్ళు బాగానే ఉండేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాయి మీద ఏ వాక్యం వెయ్యాలో తేలలేదు. ఇంట్లో పెద్దక్షరాల పరిశుద్ధ గ్రంథంలో తాత కాగితం ముక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. ఒకటి నచ్చి పెడితే, వారం తిరిగేసరికి ఇంకొకటి ఇంకా బాగున్నట్టు కనిపించేది. పదేళ్ళకు ఆ గ్రంథం ఈకలు రేగిన కోడిలా తయారైంది.

"నాన్నా," అంది చిట్టి. "ఆ రాయి ముందుకి లాగుదామా?"

"ఎందుకు? నేను నిలబెట్టే చెక్కుతాగా. ఉన్నచోటే బాగుంది."

"కాదు, ఒకసారి అటూ ఇటూ చూసుకుంటే..."

"చూసుకోవడానికేముంది? రాయి ఎప్పుడన్నా మారుతుందా? నువ్వు ముందు ఆ బడిపంతులుగారి రాయి సంగతి చూడు."

చిట్టి తొట్టి పక్కనున్న వేడి టీ గ్లాసును రెండు అరచేతుల మధ్యా పట్టుకుని కూచుంది. తాగడం లేదు, ఊరికే పట్టుకుంది.

"గ్లాసు పట్టుకుంటే రాయి నునుపెక్కుతుందిటే?" అన్నాడు తాత. రోజూ అనే మాటే. చిట్టి రోజూ నవ్వినట్టే నవ్వింది.

గురువారం పంతులుగారి రాయి అయిపోవాలి. తాత పద్ధతి ఒకటుంది. ఏ రాయి అయినా అందులో సున్న ఉంటే ముందు సున్నే చెక్కుతాడు. "గీత అందరూ గీస్తారు. వంపు దగ్గర తెలుస్తుంది మనిషి. సున్న కుదిరితే మిగతావి బుద్ధిగా వచ్చి పక్కన కూచుంటాయి," అంటాడు. పంతులుగారి సున్న పొద్దున చెక్కాడు. మధ్యాహ్నం భోజనం చేసి, వెనక ఇంట్లో మంచమెక్కాడు.

యాభై ఏళ్ళ సుత్తి దెబ్బలకి తాత ఎడమ చెవి పోయింది. కుడి చెవిని దిండులో పెట్టి, పోయిన చెవిని పైకి పెట్టి పడుకుంటాడు. అలా పడుకుంటే ఆకాశం విరిగి మీద పడినా తెలీదు. సరిగ్గా గంట. ఆ గంటను గడియారం తప్పినా తాత తప్పడు.

ఆవేళ నిద్ర పట్టలేదు. శనివారం గుండెలో మేకులా దిగి ఉంది. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఇటు దొర్లినప్పుడు మంచి చెవి పైకొచ్చింది. అందులో పడింది: టిక్, టిక్, టిక్. చిన్న సుత్తి. చిన్న ఉలి.

లేచి, చెప్పులు లేకుండా, గోడ వారగా వచ్చి చూశాడు. పంతులుగారి రాయి ముందు చిట్టి మోకాళ్ళ మీద ఉంది. అతని సున్న లోపలి అంచున ఉలి ఆనించి, వెంట్రుకవాసి చొప్పున రాయి తీస్తోంది. నాలుగు దెబ్బలు. ఆగి, వేళ్ళు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకుంది. మళ్ళీ నాలుగు దెబ్బలు. ఊపిరితో పొడి ఊదింది. చూపుడు వేలు గాడిలో పెట్టి చుట్టూ నడిపించింది. ఒకచోట వేలు ఆగింది. మళ్ళీ ఉలి ఆనించింది.

"ఏం చేస్తున్నావే?"

చిట్టి ఉలిక్కిపడలేదు. ఆ ఉలి అంచుకు ఉలికిపాటు పనికిరాదు. ముందు ఉలి కింద పెట్టి, తర్వాత తల తిప్పింది.

"కుడి పక్క కొంచెం లోపలికి పోయింది నాన్నా. సరిచేస్తున్నా."

"నా సున్న లోపలికి పోయిందా?"

"కొంచెమే."

"ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఈ కొంచెం?"

చిట్టి పొడి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది. "రెండేళ్ళు. నీ చెయ్యి వణకడం మొదలైనప్పటినుంచి."

ఇందాక ఆ తోటలో రాళ్ళన్నీ ఒక్క చేతి పనేనని గట్టిగా చెప్పడం జరిగింది. ఆ మాట ఇక్కడితో గాలికి పోయింది. నాలుగు వందలు కూడా కాదు, లెక్క పెడితే మూడు వందలకు నాలుగు తక్కువ. మన గొప్పలకి ఆయుష్షు తక్కువ, ఏం చేస్తాం.

తాత మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. మొన్న ఆదివారమే పాస్టరుగారు ప్రసంగం మధ్యలో తాతవైపు చెయ్యి చాపాడు. దేవుడిచ్చిన కాలాన్నీ పనితనాన్నీ ఏం చేశావని అడిగే రోజు ఒకటుంది, ఆరోజు మన తాత తలెత్తుకుని నిలబడతాడు, అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. తాత తల వంచుకున్నాడు. జనం వినయం అనుకున్నారు గానీ, అది నవ్వు దాచుకోవడానికి. చిట్టి స్త్రీల వైపు ఆఖరి బల్ల మీద, వేళ్ళు ముడుచుకుని కూచుంది. ఆమె వైపు ఎవరూ తిరగలేదు.

"నీకు అప్పుడే చెప్పాను," అన్నాడు తాత. గొంతు పైకి లేచింది. "ఆడపిల్ల చెక్కిన అక్షరం కింద ఎవరు పడుకుంటారే అని చెప్పానా, లేదా?"

"చెప్పావు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు."

"మరి?"

"రెండేళ్ళుగా పడుకునే ఉన్నారు నాన్నా. ఒక్కరూ లేచి వెళ్ళలేదు."

వేరే ఏ రోజైనా ఆ మాటకి తాత పగలబడి నవ్వేవాడే. జోకు నుంచి జోకు పుట్టించే కొంప అది. ఆవేళ ఆమె కింద పెట్టిన చిన్న ఉలి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇక నా రాళ్ళ మీద నీ చెయ్యి పడ్డానికి వీల్లేదు. రుద్దు. అంతే. మీ అమ్మ రాయి దరిదాపులకి కూడా రాకు."

చిట్టి నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. వెనక గోడవైపు ఒకసారి చూసి, నోరు మూసుకుంది.

శుక్రవారం తాత దుకాణం ముందు తెర దించాడు. నల్లరాయి ముందు పీట వేసుకున్నాడు. సుద్దతాడు పట్టి గీతలు కొట్టాడు. ఒకటి వంకరగా పడింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ కొట్టాడు. పక్కనే గ్రంథం తెరిచి పెట్టుకున్నాడు. మధ్యాహ్నందాకా కాగితం ముక్కలు తీస్తూ, చదువుతూ, పెడుతూ కూచున్నాడు. భోజనానికి చిట్టి పిలిచింది. రాలేదు. పళ్ళెం తెచ్చి పీట పక్కన పెట్టింది. తొట్టి దగ్గరికి పోయి కూచుంది గానీ రుద్దలేదు. రాయినీ, రాయి ముందున్న మనిషినీ చూస్తూ ఉంది. తాత రాతి అంచు మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆమె కొంచెం ముందుకి వంగేది. అతను చెయ్యి తీసేసేవాడు. ఆమె వెనక్కి వాలేది.

సాయంత్రానికి సుద్దతో ఒక సున్న గీసి ఉంది. అంతే పని.

శనివారం తెల్లారాక, వెలుగు రాతి మీద ఏటవాలుగా పడే వేళ చూసుకుని, తాత మొదలుపెట్టాడు. భార్య పోయిన ఏడాదిలో సున్న ఉంది. ఎడమ చేతిలో ఉలి, కుడి చేతిలో సుత్తి, మోచెయ్యి మోకాలికి ఆనించాడు. పై అంచు బాగానే వచ్చింది. ఎడమ వంపు దిగింది. అడుగు తిరిగింది. కుడి పక్కకి ఎక్కేటప్పుడు, ప్రతి సున్నలోనూ ఇప్పుడు ఎక్కడ తప్పుతోందో సరిగ్గా అక్కడే, చెయ్యి తనది కానట్టు ఒక్కసారి అదిరింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. వేలెడు పెళ్ళ ఎగిరి తాత చొక్కా మీద పడింది. సున్న పక్కనుంచి ఒక తెల్లటి గాయం బయటికి చీరుకుపోయింది, బొటనవేలంత. సున్నకి తోక మొలిచినట్టయింది.

తాత ఆ పెళ్ళను చొక్కా మీదనుంచి తీసి, తిరిగి గాయంలో పెట్టి చూశాడు. సరిగ్గా అతికింది. చెయ్యి తీస్తే కింద పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి పెడుతుంటే చిట్టి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇంకో రాయి దొరకదు," అన్నాడు తాత ఆమె వైపు చూడకుండా. "ఈ పూటకి దొరకదు. దొరికినా నేను చెక్కలేను. రేపు ఆమె పైన ఎవర్నో పడుకోబెడతారు. మీ అమ్మకి అసలే పక్కన ఎవరన్నా కదిలితే నిద్ర పట్టదు."

"నాన్నా, లే. రాయిని తిప్పుదాం."

"తిప్పితే ఏముంటుందే? వెనక అంతా గరుకు."

"తిప్పు నాన్నా."

రాయిని ఎత్తకూడదు, నడిపించాలి. చిట్టికి అది నేర్పింది తాతే. ఒక మూల మీద ఆనించి, రెండో మూలను ముందుకి తిప్పి, మళ్ళీ ఆ మూల మీద ఆనించి, పసిపిల్లను రెండు చేతులూ పట్టి నడిపించినట్టు. కింద చెక్కముక్కలు వేశారు. ఒక అడుగు. ఇంకో అడుగు. ఏళ్ళనాటి సాలెగూళ్ళు చిరిగాయి. మూడో అడుగుకి రాయి వెనక ముఖం వెలుగులోకి వచ్చింది.

అది గరుకుగా లేదు. నిలవ నీళ్ళలా ఉంది. అందులో తాత ముఖం కనబడింది. ఆ ముఖం మీద అక్షరాలు.

భార్య పేరు. కింద రెండు సంవత్సరాలు. రెండోదానిలో సున్న.

తాత చూపుడు వేలు తనంతట తనే ఆ గాడిలోకి పోయింది. పైనుంచి ఎడమగా దిగింది, అడుగు తిరిగింది, కుడి పక్కకి ఎక్కింది, బయల్దేరిన చోటికి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. రెండోసారి నడిపించాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు.

సంవత్సరాల కింద ఒక్క వరస ఉంది. గ్రంథంలోది కాదు. ఇంట్లోది.

పిలిస్తే వెంటనే లేచేది.

"ఎప్పుడు?" అన్నాడు తాత.

"అమ్మ పోయిన రెండో ఏడు. నువ్వు పడుకున్న గంటలో, రోజూ నడిపించి తిప్పుకుని, మళ్ళీ గోడకి పెట్టేసేదాన్ని. ఆర్నెల్లు పట్టింది."

"ఎనిమిదేళ్ళయింది."

"నువ్వు రాయి తీసినప్పుడు చూస్తావనుకున్నా. చూసి నన్ను తొట్టి దగ్గర్నుంచి లేపుతావనుకున్నా. ఈ నెల తీస్తావు, పండక్కి తీస్తావు, ఏడాది నిండాక తీస్తావు..." చిట్టి చెప్పడం ఆపి, తన వేళ్ళ వైపు చూసుకుంది. "ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్న రాయి కదా. నా అంతట నేను ఎలా చెప్పను?"

"ఇలాంటి సున్న నేను చెక్కలేదే," అన్నాడు తాత. "నా చెయ్యి బాగున్నప్పుడు కూడా."

చిట్టికి ఆ మాట ఇరవై మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆమె సంతోషపడినట్టు కనిపించలేదు. రెండు చేతులూ వెలుగులోకి చాపింది. పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టకపోయినా నాలుగు వేళ్ళు కణుపుల దాకా కొవ్వొత్తుల్లా తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఇప్పుడు చెక్కమంటే నేనూ చెక్కలేను నాన్నా, ఇలాగ. తొట్టి నీళ్ళు తినేశాయి. నాలుగు దెబ్బలు కొడితే మొద్దుబారిపోతాయి. అది నా మంచి రోజుల్లో చేసింది. అదొక్కటే ఉంది."

తాత ఆ వేళ్ళను పట్టుకున్నాడు. రాయి కంటే చల్లగా ఉన్నాయి. రోజూ ఆ టీ గ్లాసు ఎందుకు పట్టుకుంటుందో అప్పుడు తెలిసింది. రోజూ తను వేసిన జోకు కూడా వరసగా గుర్తొచ్చి ఉండాలి. 

కాపరి మధ్యాహ్నం బండి తెచ్చాడు. రాయిని నడిపించి బండి ఎక్కించారు, నడిపించి దించారు. పదో వరసలో మూడోదాని తలాపున గాడి తవ్వి నిలబెట్టారు. చిట్టి అక్షరాలు ముందువైపు, తాత తోక సున్న వెనకవైపు.

"ఆ వెనకది కొంచెం రుద్దేస్తే పోతుందిగా చిట్టమ్మా," అన్నాడు కాపరి.

"ఉండనీ," అన్నాడు తాత. "అదీ నాదే."

కాపరి పుస్తకం తీసి ఒక గీత కొట్టాడు. పొద్దు ఇంకా బారెడు ఉంది. అతను బండి తోలుకుని వెళ్ళాక ఇద్దరే మిగిలారు. తాత రాతి అడుగున కుడి మూల వెతికాడు. తన ప్రతి రాయికీ అక్కడ మూడు చిన్న గాట్లు పెడతాడు, చేసినవాడి గుర్తు. దీని మీద ఏమీ లేదు.

"నీ గుర్తు వెయ్యలేదేం?"

"నాకు గుర్తెక్కడుంది నాన్నా?"

తాత మట్టిలో కూలబడ్డాడు. పదేళ్ళుగా నిలబడే ఉన్నట్టు, ఇప్పుడే కూచున్నట్టు కూచున్నాడు. అక్కడినుంచి వరసలన్నీ కనిపిస్తున్నాయి, మూడు గాట్ల రాళ్ళు.

"రేపు గుళ్ళో నావైపు చెయ్యి చూపిస్తే ఏం చెయ్యను?" అన్నాడు. "ఏం చేశావని పైవాడు అడిగితే, నా చేతికి ఇచ్చింది చూపిస్తా. సరే. నా ఇంట్లో పెట్టింది ఏదీ అని అడుగుతాడు. తొట్టి దగ్గర కూచోబెట్టానని చెప్పనా?"

చిట్టి పక్కన కూచుని అమ్మ రాతి మీద పడిన మట్టి తుడుస్తోంది, గుండ్రంగా, గుండ్రంగా. ఆ చేతికి అలవాటైన పని.

"నా రాయి కూడా నువ్వే చెక్కాలే చిట్టీ."

"అప్పటికి నా వేళ్ళు ఉంటాయో, ఉండవో. రోజుకి గంట పని చేస్తాయిప్పుడు." ఆమె తుడవడం ఆపింది. "సోమవారానికి ఉంటాయి. సోమవారం రాయి నాకివ్వు నాన్నా."

తాత జేబులో చెయ్యి పెట్టి, గురువారం లాక్కున్న చిన్న ఉలి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "తీసుకోమ్మా," అన్నాడు. "నన్ను క్షమించు. ఇది ఎప్పుడూ నీదే."

ఈ ఆఖరి ముక్కే కల్పన. నీటిబొట్టు సంగతి ఎటూ ఎవరూ నమ్మరు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. తాత క్షమించమనలేదు, అమ్మా అనలేదు. అంతటి మాట ఆ మొండి నోట రాదు. వస్తే బాగుంటుందని పెట్టడం జరిగింది. ఉలి ఇచ్చిన మాట నిజం. ఇచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ముందు నడిచి ఇంటికి పోయాడు.

సోమవారం పొద్దున ఆ వీధిన పోయినవాళ్ళు మాత్రం చూశారు. వీధివైపు వెలుగులో, పీట మీద చిట్టి ఉంది. పక్కన వేడి టీ గ్లాసు ఉంది. నాలుగు దెబ్బలకొకసారి సుత్తి ఆగుతోంది. లోపల నీళ్ళ తొట్టి దగ్గర తాత కూచుని, తడిగుడ్డా సానబిళ్ళా పట్టుకుని, వణికే చేత్తో రాయి రుద్దుతున్నాడు. అది కల్పన కాదు.